పాకం – పాకాన పడటం: అనకాపల్లి బెల్లం వంట ఆధారంగా అర్థపరిణామ పరిశీలన

‘పాకం’ సంస్కృత ‘పచ్’ ధాతువు నుండి వచ్చిన తత్సమం. వండటం, పండటం అనే రెండర్థాలూ మూలభాషలోనే ఉన్నాయి. నలపాకం, భీమపాకం అనే సమాసాల్లో మొదటి అర్థం నిలిచింది. తెలుగు వంటింట్లో మాత్రం ఆ పదం ముఖ్యంగా బెల్లమో, పంచదారో కాచగా వచ్చే చిక్కని ద్రవానికి రూఢమైంది. ‘కథ పాకాన పడింది’ అనే జనవ్యవహారానికి వీటిలో ఏది ఆధారమన్నది విచారణీయం.

అలంకారశాస్త్రంలోని పాకం పండుకు చెందినది. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో ద్రాక్షాపాక, నారికేళపాకాలను నిరూపించాడు. తెలుగు విమర్శలో కదళీపాకమూ ప్రసిద్ధమే. ఇవి కావ్యానికి స్థిరగుణాలు. ‘పాకాన పడటం’ స్థిరగుణాన్ని కాక మలుపును చెబుతుంది. కాబట్టి దాని మూలాన్ని పొయ్యి దగ్గర వెదకటం సమంజసం.

అనకాపల్లి ప్రాంతంలో బెల్లాన్ని ‘వండుతారు’. గానుగాడిన చెరకు రసాన్ని వెడల్పాటి పెనంలో కాచి, సున్నం చేర్చి, పైకి తేలిన మడ్డిని తీసివేస్తారు. అంతవరకు పని నిదానంగా సాగుతుంది. రసం చిక్కబడిన తరువాత వ్యవధి కుదించుకుపోతుంది. కొద్దిపాటి పాకాన్ని చన్నీళ్లలో వేసి ఉండ కడుతున్నదో లేదో చూస్తారు. అప్పటి వేడి సుమారు 118 డిగ్రీల సెల్సియస్. లేతగా దించితే దిమ్మ గట్టిపడదు. ముదిరితే మాడి రంగు చెడుతుంది. రంగును బట్టి ధర పలికే మార్కెట్లో రైతు కష్టానికి వెల కట్టేది ఆ కొద్ది క్షణాలే. సంక్రాంతి అరిసెలకు, పాకుండలకు కూడా ఇదే పరీక్ష.

‘తగాదా పాకాన పడింది’ అన్నప్పుడు ఈ అనుభవమే ధ్వనిస్తుంది. చాలాసేపు నిదానంగా మరిగినది ఇక వెనుకకు మళ్లని స్థితికి చేరిందని భావం. ‘లేత’, ‘ముదురు’ పదాలు కాయగూరలకూ చెల్లుతాయి గనుక అవి నిర్ణాయకాలు కావు. క్రియాభేదం మాత్రం గమనించదగినది. ‘పాకం పట్టు’ సకర్మకం. పట్టే మనిషిని కోరుతుంది. ‘పాకాన పడు’ అకర్మకం, వ్యవహారమే కర్త. వంటలో సర్వస్వమైన పాకగాడు జాతీయంలో అదృశ్యుడు. మంట ఎగదోసినవాడు తప్పుకోగా, చోద్యం చూసేవాడి మాట మిగిలింది. ఆ పలుకుబడిలోని కొంటెతనానికి కారణమిదే.

కనుక ఈ జాతీయానికి ‘పక్వమగు’ అని మాత్రమే అర్థం చెప్పటం చాలదు. వెనుదిరగని క్షణం, కనబడని కర్త అనే రెండంశాలూ నిఘంటువులో చోటు పొందవలసినవే.