పిండిమర వెనుక సీజర్

న్యూయార్క్ వైపు ఉన్న మనవాళ్ళకి స్లీపీ హాలో తెలిసే ఉంటుంది. అక్కడ పొకాంటికో ఏటి ఒడ్డున సున్నం కొట్టిన రాతి ఇల్లు, పక్కనే నీటితో తిరిగే పిండిమర. ఫిలిప్స్‌బర్గ్ మేనర్ అంటారు. ఫొటోలకి భలే ఉంటుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఒక ఆస్తి జాబితా.

వడ్రంగిగా వచ్చిన డచ్చివాడు ఫ్రెడరిక్ ఫిలిప్స్, 1693కల్లా వేల ఎకరాల జమీందారు. మడగాస్కర్ నుంచి బానిసల్ని ఓడల్లో తెప్పించిన వ్యాపారి కూడా. కొడుకు అడాల్ఫ్ 1750లో పోతే లెక్కలు రాశారు: గొడ్లు, సామాన్లు, 23 మంది ఆఫ్రికన్ బానిసలు. పిల్లలతో సహా! మర నడిపిన సీజర్ ఆ లెక్కలోనే ఉన్నాడు. (మనుషుల్ని 'రిసోర్సులు' అనే ఎక్సెల్ షీట్లు నాకు గుర్తొచ్చాయి, పోలిక పెద్దదే అనుకోండి.) ఆ ఏడాదే వేలం ప్రకటన పేపర్లో వేశారు. అమ్మేవాళ్ళలో మరవాడూ ఉన్నాడు.

1779లో బ్రిటిష్ రాజు పక్షాన ఉన్నందుకు ఫిలిప్స్ ఆస్తంతా జప్తయింది. తర్వాత ఆ కుటుంబానికి బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది.