కన్ను చెక్కినవారు

జబ్బుపడిన కంటికి శస్త్రచికిత్స చేయడం కొత్త విద్యేమీ కాదు. శుక్లాల చికిత్స సుశ్రుతుడి సంహితలోనే ఉంది. అద్దాలు పెట్టుకుంటే నిక్షేపంగా కనిపించే కంటిని, కేవలం ఆ అద్దాలు వద్దనుకున్నందుకు కోయడం మాత్రం వేరే సంగతి. నేను 2006లో లాసిక్ చేయించుకున్నాను. రెండు కళ్ళకూ కలిపి అరగంట పట్టలేదు. ఆ అరగంట వెనుక ఎవరెవరున్నారో తెలుసుకోవాలన్న కుతూహలం చాలా ఏళ్ళ తరువాత, చత్వారం వచ్చి అద్దాలు మళ్ళీ ముక్కు మీదికెక్కాక గానీ కలగలేదు. (లాసిక్ హ్రస్వదృష్టికే గాని చత్వారానికి అడ్డుకట్ట కాదు. ఈ ముక్క ముందే చెబుతారు. ఇరవైల్లో ఉన్నవాడు వినడు.)

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటాం. మందం అర మిల్లీమీటరు. కాంతిని వంచి కేంద్రీకరించే పనిలో మూడింట రెండు వంతులు ఈ పలుచని పొరదే. దాని వంపును కాస్త చదును చేస్తే, దూరపు వస్తువుల ప్రతిబింబం నేత్రపటలానికి ముందే పడే కంటిలో అది వెనక్కి జరిగి, సరిగ్గా నేత్రపటలం మీదే పడుతుంది. సూత్రం ఇంతే. చిక్కంతా చదును చేసే సాధనంలోనే ఉంది.

జపానులో సతో అనే వైద్యుడు 1930ల చివర, 1940లలో కార్నియాను ముందునుంచీ లోపలివైపునుంచీ కూడా గాట్లు పెట్టి చదును చేశాడు. మొదట్లో ఫలితాలు బాగానే ఉన్నాయి. లోపలివైపు ఉండే ఒకే వరుస కణాలు కార్నియాలో నీరు చేరకుండా కాపాడతాయనీ, అవి పోతే మళ్ళీ పుట్టవనీ అప్పటికి తెలియదు. పది, ఇరవై ఏళ్ళు గడిచాక ఆ రోగుల కార్నియాలు ఉబ్బి మసకబారాయి. మాస్కోలో ఫ్యోదొరోవ్ 1970లలో గాట్లను ముందువైపుకే పరిమితం చేశాడు. కర్మాగారంలో సరుకులా రోగులు వరుసగా ఒక వైద్యుడి దగ్గరనుంచి మరో వైద్యుడి దగ్గరకు కదిలిపోయే ఏర్పాటు కూడా చేశాడు. ఆ పద్ధతి మీద అమెరికాలో జరిగిన పదేళ్ళ పరిశీలన 1994లో వెలువడింది. నూటికి 43 కళ్ళు ఒక డయాప్టరు, అంతకు మించి దీర్ఘదృష్టి వైపు జరిగిపోయాయి. బొగొటాలో బరాకెర్ దారి వేరు. కార్నియాలో ఒక బిళ్ళను కోసి తీసి, గడ్డకట్టించి, లేతు మీద తరిగి, మళ్ళీ కంటికి కుట్టేవాడు. వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది. లాసిక్ అన్న పేరులోని చివరి అక్షరం ఆయన పద్ధతి పేరు నుంచి వచ్చినదే. దాని గ్రీకు మూలానికి అర్థం కార్నియాను చెక్కడం.

అసలైన ఉలి కంటివైద్యుల దగ్గర దొరకలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో, కంప్యూటర్లు చేసే ఐబీఎమ్ వారి పరిశోధనాలయంలో దొరికింది. రంగస్వామి శ్రీనివాసన్ 1929లో మద్రాసులో పుట్టినవాడు, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రసాయనశాస్త్రవేత్త. జేమ్స్ విన్ భౌతికశాస్త్రవేత్త, శామ్యూల్ బ్లమ్ పదార్థ శాస్త్రవేత్త. ఆర్గాన్, ఫ్లోరిన్ వాయువులతో నడిచే ఎక్సైమర్ లేసరు 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఇస్తుంది. దానితో ప్లాస్టిక్కు మీద ఎంతో శుభ్రంగా గాడి పెట్టవచ్చని శ్రీనివాసన్ బృందం అప్పటికే గమనించింది. ప్లాస్టిక్కుకు పనిచేసినది జీవకణజాలానికి ఎందుకు పనిచేయకూడదన్న ప్రశ్న ముగ్గురి మధ్యా నలిగింది.

1981 నవంబరు 26 థాంక్స్‌గివింగ్ పండుగ. ఇంట్లో విందు ముగిశాక మిగిలిన టర్కీ కోడి ముక్కను శ్రీనివాసన్ మర్నాడు ప్రయోగశాలకు పట్టుకెళ్ళాడు. (మద్రాసు నుంచి వెళ్ళిన మనిషి అమెరికన్ పండుగ ఎముకతో చరిత్ర మొదలుపెట్టడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.) ఎక్సైమర్ కాంతి పడినచోట అంచులు తీర్చినట్టున్న గాడి ఏర్పడింది. పోల్చి చూడడానికి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేసరు వాడితే చుట్టూ మాడి కమిలిపోయింది. తేడా ఎందుకంటే, 193 నానోమీటర్ల ఫోటాను ఒక్కొక్కదానికీ అణుబంధాలను నేరుగా తెంచేటంత శక్తి ఉంది. ఆ కాంతి మైక్రానులోపు లోతులోనే పూర్తిగా ఇంకిపోతుంది. తెగిన ముక్కలు వేడితో సహా ఎగిరిపోతాయి, పక్కనున్న కణజాలానికి సెగ తగలదు. ఒక్కో తటిల్లతకు పోయేది మైక్రానులో నాలుగో వంతు. తలవెంట్రుక మీద వరుసగా మెట్లలా గాట్లు పెట్టి తీసిన ఫోటో తరువాత లోకమంతా తిరిగింది.

దీన్ని కంటికి తెచ్చినవాడు కొలంబియా విశ్వవిద్యాలయపు కంటివైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్. 1983లో ఐబీఎమ్‌కు వచ్చి, శ్రీనివాసన్, ఆయన సహాయకురాలు బోడిల్ బ్రారెన్‌లతో కలిసి దూడ కళ్ళ మీద ప్రయోగాలు చేశాడు. ఆ ఏడాది చివరలోనే వ్యాసం వెలువడింది. 2013లో ఒబామా చేతులమీదుగా ఐబీఎమ్ ముగ్గురికీ జాతీయ పతకం వచ్చింది. బ్లమ్ అంతకు కొద్దిరోజుల ముందే కన్నుమూశాడు.

దూడ కన్ను ఏం కనిపిస్తోందో చెప్పలేదు. ఆ తరువాత ప్రయోగం చేసిన అంధుల కళ్ళూ చెప్పలేవు. 1988 మార్చిలో న్యూ ఆర్లీన్స్‌లో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యురాలి దగ్గరకు ఒక పెద్దావిడ వచ్చింది. కంటిగూటిలో కాన్సర్, కొద్దిరోజుల్లో కన్ను తీసేయక తప్పదు. కానీ ఆ కంటికి చూపు బాగానే ఉంది. ఎలాగూ పోయే కన్ను కదా, ముందు మీ ప్రయోగం చేసుకోండని ఆవిడే ముందుకొచ్చింది. చూపున్న కంటిమీద దృష్టిదోషం కోసం చేసిన మొదటి లేసర్ చికిత్స అదే. ఆవిడకు దానివల్ల కలిగిన లాభం ఏమీ లేదు. పతకాలు అందుకున్నవారి కంటే ఆవిడే నాకు ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

మిగతాది తొందరగా జరిగిపోయింది. పలుచని రెక్కలాంటి పొరను లేపి, దాని కింద లేసరుతో చెక్కి, మళ్ళీ మూసే పద్ధతికి 1989లో పేమన్‌కు పేటెంటు వచ్చింది. క్రీటు ద్వీపంలో పల్లికారిస్ దాన్ని మనుషుల మీద చేసి లాసిక్ అని పేరుపెట్టాడు. తరువాత పేటెంట్ల జగడాలు వచ్చాయి. అమెరికాలో రెండు కంపెనీలు కూటమి కట్టి ఒక్కో చికిత్సకూ 250 డాలర్ల రుసుము పెడితే 1998లో ప్రభుత్వం అభ్యంతరం చెప్పవలసివచ్చింది.

అదే 1998లో జరిగిన మరో సంగతి నా దృష్టిలో ఇంకా ముఖ్యం. 1980ల మధ్యలో ఎక్సైమర్ లేసరును మనుషుల కళ్ళ మీద మొట్టమొదట వాడినవారిలో థియో సైలర్ అనే జర్మన్ ఒకడు. లాసిక్ తరువాత కొన్ని కార్నియాలు బలం చాలక ముందుకు ఉబ్బుతున్నాయని ఆ ఏడాది ప్రకటించినవాడూ ఆయనే. రెక్క కిందా, చెక్కిన చోటు కిందా కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్న లెక్క ఆ కాలంలోనే స్థిరపడింది. ఇంకో అయిదేళ్ళకు, అలా వదులైన కార్నియాను రిబోఫ్లేవిన్ చుక్కలూ అతినీలలోహిత కాంతీ కలిపి గట్టిపరిచే పద్ధతిని సహచరులతో కలిసి వెలువరించాడు. తాను తెరిచిన తలుపు పక్కనే కాపలా కూర్చున్నవాడన్నమాట.

ఇవన్నీ ఇప్పుడు తిరగేయడానికి కారణం మా అక్క కూతురు. వయసు ఇరవైరెండు, మైనస్ అయిదు సైటు. పెళ్ళిచూపులకు వచ్చినవారు, అమ్మాయి బాగుంది గానీ కళ్ళజోడు కదా, అన్నారట. "నువ్వు చేయించుకున్నావు కదా మామయ్యా, నన్నెందుకు ఆగమంటావు?" అని అడిగింది. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే డయాప్టరుకు 12 మైక్రాన్ల చొప్పున 60 పోతాయి, రెక్కకు 110. తన కార్నియా మందం 500. ఇంకా 330 మిగులుతుంది. లెక్కకు తప్పు లేదు. కానీ ఏడాదిలో సైటు అర డయాప్టరు పెరిగింది, పైగా చిన్నప్పటినుంచీ ఎలర్జీతో కళ్ళు నులుముకునే అలవాటు. నా కళ్ళు ఇన్నేళ్ళ తరువాత కూడా ఏసీ గదిలో పొడిబారతాయనీ, రాత్రి ఎదురొచ్చే లారీ దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయనీ కూడా చెప్పాను. అవి తనను అంతగా కదిలించలేదు.

పోయిన వారం కార్నియా పటం తీయించుకుని నాకు పంపింది. ఎడమ కన్ను కింది భాగంలో ఎరుపు కొంచెం ఎక్కువగా ఉంది. డాక్టరు ఆరు నెలలు ఆగి మళ్ళీ తీద్దామన్నారట. మగపెళ్ళివారికి ఏం కబురు చెప్పాలని అక్క అడుగుతోంది.