కోడిపందెం – పల్నాటి సాక్ష్యం

సంక్రాంతి మూడు దినాలూ గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాల బరులలో కోడిపుంజులు నెత్తురోడుతాయి. కాలికి కట్టిన కత్తి మూలంగా పందెం నిమిషాలలో ముగుస్తుంది; ఓడిన పుంజు సాధారణంగా ప్రాణాలతో మిగలదు. ఇది తెలుగువారి ఆచారమని సమర్థించేవారు పల్నాటిని సాక్ష్యంగా చూపుతారు.

ప్రాచీనత విషయంలో సందేహం లేదు. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన ‘క్రీడాభిరామం’లోనూ కోడిపందెం కనిపిస్తుంది. అయితే 12వ శతాబ్ది నాటి పల్నాటి గాథలో అది వేడుకగా ముగియలేదు. నాయకురాలు నాగమ్మతో పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేండ్లు వలస పోవలసి వచ్చింది. చివరకు కారంపూడి రణరంగంలో ఒక తరమే నేలకొరిగింది. ఆ గాథనే పందెగాండ్రు తమకు అండగా చెప్పుకోవటం విడ్డూరం.

వినోదం కోసం జంతువులను పోట్లాటకు పురికొల్పటం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించగా, తమిళనాడు 2017లో చట్టాన్ని సవరించుకొన్నది; 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. కోడిపందెం పక్షంవారు ఈ తీర్పుపై ఆశలు పెట్టుకొన్నారు. కాని జల్లికట్టులో ఎద్దు కొమ్ములకు ఎవరూ కత్తి కట్టరు. కత్తి కట్టని డింకీ పందేలు గోదావరి జిల్లాలలోనూ ఉన్నవే. పెద్ద సొమ్ము మాత్రం కత్తి ఉన్న బరి వద్దనే చేరుతుంది.