నవల నుంచి కర్నూలు మాన్యువల్ వరకు: నరహరి గోపాలకృష్ణమ చెట్టి

తెలుగు నవలా చరిత్రలో నరహరి గోపాలకృష్ణమ చెట్టి పేరు ఒక వివాదంతోనే ముడిపడి ఉంది. ఆయన 'శ్రీరంగరాజ చరిత్రము' 1872లో వెలువడింది. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1880లో గ్రంథరూపం పొందింది. అయినా తొలి నవల ఏదన్న చర్చ ముగియలేదు. దేశీయుల ఆచారవ్యవహారాలను తెలిపే కథలు రావాలన్న లార్డ్ మేయో ప్రకటన చెట్టికి ప్రేరణ. తన కృతిని ఆయన 'నవీన ప్రబంధ'మన్నారు. 'నవల' అనే మాట అప్పటికింకా పుట్టలేదు.

డిప్యూటీ కలెక్టరైన చెట్టి 1886లో ఆంగ్లంలో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను వెలువరించారు. బనగానపల్లె నాడు ఆ జిల్లా నడుమనున్న నవాబుల సంస్థానం. 1948లో గాని జిల్లాలో కలవలేదు. ఈ సీమ చరిత్ర రచనకు మాన్యువల్ ముఖ్య ఆధారం. జనజీవనాన్ని ఒకచోట కథగా, మరొకచోట వివరంగా నమోదు చేసిన దృష్టి ఒక్కటే. కనుక చెట్టిని 'ప్రథముడా, కాడా' అన్న ప్రశ్నకే పరిమితం చేయక, రెండు గ్రంథాలనూ కలిపి పరిశీలించడం సముచితం.