పైథాన్ డిక్షనరీలో ఊహించని విలువలు

పైథాన్ భాషలో కీ ఇచ్చి విలువను తీసుకునే అమరిక డిక్షనరీ. అనుకున్నదానికి బదులు వేరే విలువ చేతికొస్తే, తప్పు సాధారణంగా చదివిన చోట కాక, విలువ పెట్టిన చోటే ఉంటుంది.

ఎక్కువమందిని తికమకపెట్టేది ఉమ్మడి లిస్టు. ఫ్రమ్‌కీస్ పద్ధతికి ఖాళీ లిస్టు ఇస్తే కీకొక లిస్టు పుట్టదు. కీలన్నీ ఒకే లిస్టును చూపుతాయి. ఒక విద్యార్థికి చేర్చిన మార్కు అందరి పేర్ల కిందా కనిపిస్తుంది. రెండు విలువలను ‘ఈజ్’తో పోల్చితే సంగతి బయటపడుతుంది. డిక్షనరీ కాంప్రహెన్షన్‌తో విడివిడి లిస్టులు సృష్టించడమే సరైన పరిష్కారం.

ఇక కీల సంగతి. డిక్షనరీకి 1, 1.0, ట్రూ మూడూ ఒకే కీ. చివర పెట్టిన విలువే మిగులుతుంది. అంకె 1, స్ట్రింగ్ ‘1’ మాత్రం వేర్వేరు. టెక్స్ట్ ఫైలు నుంచి చదివిన అంకెలు స్ట్రింగులుగా వస్తాయి కనుక, వాటితో అంకె కీని వెతికితే గెట్ పద్ధతి చడీచప్పుడు లేకుండా ‘నన్’ ఇస్తుంది. దోషాన్ని వెతికేటప్పుడు చదరపు బ్రాకెట్లే మేలు, కీఎర్రర్ వెంటనే వస్తుంది.

తెలుగు కీలకు ఇంకో చిక్కు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా గాని, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని రాయవచ్చు. కంటికి ఒకటే, డిక్షనరీకి రెండు. ఆస్కీ ఫంక్షన్ ఆ తేడాను చూపుతుంది. కీలన్నిటినీ ముందే ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరీతి యూనికోడ్ రూపంలోకి మార్చాలి.