సాండర్ కెమెరా ముందు నిలబడినవాళ్లు

ఫోటో అబద్ధం చెప్పదంటారు. నేను ఒప్పుకోను. మా ఇంట్లో నాన్న ఫోటో ఒక్కటే ఉంది. బజారు స్టూడియోలో మేకుకు వేలాడే కోటు తొడిగించి, రాజభవనం మెట్లు రాసిన తెర ముందు కూర్చోబెట్టి తీశారు. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి అందులో ఎవరో జమీందారుగారి గుమాస్తాలా కనిపిస్తాడు. మొహం మీది గీతలు కూడా రీటచింగులో పోయాయి. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు నాన్న కంటే ముందు ఆ కోటు గుర్తుకొస్తుంది. అది ఇంకెంతమంది ఒంటిమీదికి ఎక్కి దిగిందో!

జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ సాండర్ (1876–1964) కూడా ఇలాంటి వ్యాపారంలోనే కుదురుకున్నాడు. గనుల్లో వడ్రంగి పని చేసే తండ్రికి హెర్డార్ఫ్ అనే ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలో తనూ గని దగ్గర పని చేశాడు. ఆస్ట్రియాలోని లింజ్‌లో స్టూడియో నడిపిన రోజుల్లో, ఫోటోను వర్ణచిత్రంలా మెత్తబరిచే నాటి ఫ్యాషన్ పనితనంతో పతకాలు కూడా సంపాదించాడు. డబ్బున్న ఖాతాదారు కోరేది అదే. 1910 ప్రాంతంలో కొలోన్ చేరాక, బేరాలు వెతుక్కుంటూ సైకిలెక్కి వెస్టర్‌వాల్డ్ పల్లెలకు వెళ్లేవాడు. ఆయన్ని రైతుల గుమ్మం ముందుకు చేర్చింది ఆదర్శం కాదు, పొట్టకూడు. ఈ సంగతి దాచి ఆయన్ని పుట్టు ప్రజాకళాకారుణ్ణి చేయనక్కర్లేదు.

ఆ గుమ్మం ముందు ఆయన చేసిన పని మాత్రం గమనించాలి. పెద్ద కెమెరా, గాజు ప్లేట్లు. ఎదుటి మనిషి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాలి. దొంగచాటుగా పట్టుకునే ఫోటో కాదది. మనిషికి తెలిసి, మనిషి కటకంలోకి సూటిగా చూస్తుండగా తీసింది. ఎలా నిలబడాలన్నది చాలావరకు వాళ్లకే వదిలేశాడని ఆ ఫోటోలే చెబుతాయి. 1920లలో కొలోన్‌లోని ‘ప్రగతిశీలురు’ అనే వామపక్ష చిత్రకారులతో, ముఖ్యంగా ఫ్రాంజ్ విల్హెల్మ్ సైవెర్ట్‌తో స్నేహం కలిశాక, మెత్తని కళాత్మక కాగితం వదిలి, యంత్రాల ఫోటోలకు వాడే నున్నటి కాగితం మీద పాత రైతుల ప్లేట్లనే మళ్లీ అచ్చు తీశాడు. ముడత ముడతగానే కనిపించింది.

1914లో తీసిన ఆయన ఫోటో ఒకటి లోకప్రసిద్ధం. పొలం దారిలో ముగ్గురు కుర్రాళ్లు నాట్యానికి పోతూ ఆగి, మెడ తిప్పి మనవైపు చూస్తుంటారు. నల్ల కోట్లు, టోపీలు, చేతికర్రలు. ఒకడి పెదవుల మధ్య సిగరెట్టు. కూర్చుని పెత్తనం చేసే వర్గం కోసం పుట్టిన కోటు శ్రమకు అలవాటుపడిన ఒంటిమీద ఎలా ఇమడలేదో జాన్ బెర్జర్ ఈ ఫోటో మీదనే వివరించాడు. గొప్ప వివరణే. అయినా నా కన్ను మరోచోట ఆగుతుంది. అవి స్టూడియో మేకుకున్న కోట్లు కావు. ఆ కుర్రాళ్లు వాటిని కాస్త గర్వంగానే వేసుకున్నారు. ఆ గర్వాన్ని సాండర్ వెక్కిరించలేదు, చెరపలేదు.

ఇక్కడొక చిక్కు. సాండర్ ఈ ఫోటోకు ‘యువ రైతులు’ అని పేరు పెట్టాడు. తర్వాతి పరిశోధనలో వాళ్లు ఇనుప గనిలోనూ, గని ఆఫీసులోనూ పనిచేసేవాళ్లని తేలింది. ఒకడు ఆ తర్వాత వచ్చిన యుద్ధంలో చనిపోయాడు. పేరు తప్పింది, ఫోటో తప్పలేదు! మన కథల్లో ‘రైతు’, ‘కూలీ’, ‘షావుకారు’ అని ముందే చీటీ అంటించి, ఆ చీటీకి తగ్గ మాటలు మాత్రమే పలికించే రచయిత మిత్రులకు ఈ సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. చీటీలు అంటించడంలో సాండరూ తక్కువవాడేమీ కాదు. ‘20వ శతాబ్దపు మనుషులు’ అనే తన మహాప్రణాళికను రైతుతో మొదలుపెట్టి ఏడు వర్గాలుగా, 45 సంపుటాలుగా విభజించాడు. స్త్రీని విడిగా ఒక వర్గం చేశాడు, అదేదో వృత్తి అయినట్టు. కానీ 1931లో తీసిన కొలోన్ రేడియో కార్యదర్శిని చూడండి. పొట్టి జుట్టు, వేళ్ల మధ్య సిగరెట్టు. ఆమె ఏ చీటీ కిందా అణిగిమణిగి కూర్చోలేదు.

1929లో 60 ఫోటోలతో ‘కాలం ముఖం’ అనే పుస్తకం వచ్చింది. ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ ముందుమాట రాశాడు. 1931లో వాల్టర్ బెంజమిన్, రాబోయే రోజుల్లో ముఖాలు చదవడం ప్రాణావసరం కానుందని గ్రహించి, ఈ పుస్తకాన్ని ఒక అభ్యాస గ్రంథంగా లెక్కించాడు. నాజీలు 1936లో దాని అచ్చు పలకల్ని ధ్వంసం చేసి, మిగిలిన ప్రతుల్ని స్వాధీనం చేసుకున్నారు. జర్మన్ ముఖం అంటే ఒకటే అచ్చులో ఉండాలనుకునేవాళ్లకు ఇన్ని రకాల ముఖాలు గిట్టకపోవడంలో వింత లేదు.

అయితే సాండర్ నాజీల్నీ తీశాడు. యూనిఫారంలో, అదే దూరం నుంచి, అదే గౌరవంతో. 1938 ప్రాంతంలో గుర్తింపు పత్రాల ఫోటోల కోసం వచ్చిన కొలోన్ యూదుల్నీ అలాగే తీశాడు. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నాకు కోపమొచ్చింది. హంతకుడికీ హతుడికీ ఒకే వెలుతురా, ఇదేం నిబద్ధత అనుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాని రెండు రకాల ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాక ఒకటి ఒప్పుకోవలసి వచ్చింది. యూనిఫారం మనిషిని రాక్షసుడిగా తీసి ఉంటే, మన పక్కింటి మామూలు మొహంలో వాణ్ణి ఎన్నటికీ పోల్చుకోలేకపోయేవాళ్లం.

ఆయన పెద్దకొడుకు ఎరిక్ వామపక్ష కార్యకర్త. 1934లో అరెస్టయ్యాడు, పదేళ్ల శిక్ష పడింది. జీగ్‌బర్గ్ జైల్లో తోటి రాజకీయ ఖైదీలను ఫోటోలు తీశాడు. శిక్ష ముగింపుకొస్తుండగా 1944లో, సరైన వైద్యం అందక, జైల్లోనే చనిపోయాడు. కొడుకు తీసిన ఖైదీల ఫోటోలను తండ్రి తన మహాప్రణాళికలో చేర్చాడు. పతాకశీర్షిక ఏమీ పెట్టలేదు. ‘రాజకీయ ఖైదీలు’ అంతే. చివరి సంపుటంలో ఎరిక్ మృతముఖపు అచ్చు ఫోటో ఉంది. దాన్నీ అందరినీ తీసినట్టే సూటిగా, ఎదురుగా పెట్టి తీశాడు.