సరోద్‌కు ఉక్కు పలక: గార్డెన్ రీచ్‌లో ఒక వాద్యం మారిన కథ

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకోగా, గద్దె కోల్పోయిన వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరి, హుగ్లీ ఒడ్డున ఇంగ్లీషు దొరల తోటబంగళాలు బారులు తీరిన గార్డెన్ రీచ్‌లో దిగాడు. మరుసటి ఏడు సిపాయిల తిరుగుబాటు రేగడంతో ఆయనను ఫోర్ట్ విలియంలో నిర్బంధించి 1859లో విడిచిపెట్టారు. అప్పటి నుంచి 1887లో కన్నుమూసేదాకా ఆయన గార్డెన్ రీచ్‌లోని మటియాబుర్జ్‌నే రెండో లక్నోగా మలచుకొని, ఇమాంబాడా, జంతుశాల కట్టించి, వెంట వచ్చిన గాయకులను, వాదకులను, నర్తకులను పోషించాడు. ఈ ప్రవాస దర్బారు మాట వచ్చినప్పుడల్లా ఠుమ్రీని, కథక్‌ను తలచుకోవడం ఆనవాయితీ అయింది గాని, సరోద్ ఇప్పటి రూపు దాల్చడంలో ఈ పేటకున్న వాటా వాటికేమీ తీసిపోదు.

సరోద్‌కు మూలం అఫ్గాన్ రబాబ్. పఠాన్ సైనికుల, గుర్రాల వర్తకుల కుటుంబాలతో పాటు ఉత్తర భారతానికి వచ్చిన ఈ వాద్యాన్ని ఒకే మొద్దును తొలిచి చేస్తారు. కడుపు భాగాన్ని తోలుతో మూస్తారు, వేళ్లు ఆడే పట్టీ చెక్కదే, మీటే తంతులు జంతువుల పేగుతో పేనినవి. పేగు తంతిని చెక్క మీద నొక్కి మీటితే నాదం పుట్టినంత వేగంగానే ఆగిపోతుంది. లయ ప్రధానమైన వాదనకు అది చక్కగా సరిపోతుంది. కానీ ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారే మీండ్‌కు, నెమ్మదిగా సాగే ఆలాపనకు అది చాలదు.

దీనికి ఉపాయం ధ్రుపద్ వాదకుల ఇళ్లలో అప్పటికే ఉంది. తాన్‌సేన్ వంశీయులమని చెప్పుకొనే సేనియా ఘరానాలో జాఫర్ ఖాన్, ప్యార్ ఖాన్, బాసత్ ఖాన్ అనే ముగ్గురు అన్నదమ్ములుండేవారు. వానాకాలంలో రబాబ్ తోలు చెమ్మకు సడలి నాదం మొద్దుబారడంతో, జాఫర్ ఖాన్ తోలుకు బదులు చెక్క కప్పు, చెక్క పట్టీకి బదులు లోహపు పలక, పేగుకు బదులు లోహపు తంతులు అమర్చి సుర్‌సింగార్ అనే వాద్యాన్ని రూపొందించాడని సంప్రదాయం చెబుతుంది. బాసత్ ఖాన్ మటియాబుర్జ్ దర్బారులో చేరాడు. సరోద్ వాదకుడు నియామతుల్లా ఖాన్ అక్కడ ఆయనకు శిష్యుడయ్యాడు. సరోద్‌కు లోహపు పలకను, లోహపు తంతులను తెచ్చింది నియామతుల్లాయేనని ఆయన వంశీయులు చెప్పుకొన్నారు. గ్వాలియర్‌లో స్థిరపడిన గులాం అలీ ఖాన్ వంశంవారు ఆ ఘనత తమ పూర్వికుడిదేనంటారు. ఎవరి వాదన నెగ్గినా, సుర్‌సింగార్ వాయించే గురువూ సరోద్ వాయించే శిష్యుడూ ఒకే కొలువులో ఎదురెదురుగా కూర్చున్న చోటు గార్డెన్ రీచ్ కావడం ఆ పేట వాటాకు గట్టి ఆధారమే.

పలక మార్పు చూడడానికి చిన్నదే గాని, వాద్యపు గుణాన్నే మార్చేసింది. మొద్దులో తొలిచిన మెడ మీద మెరుగుపెట్టిన ఉక్కు రేకును బిగిస్తారు. దాని మీద మెట్లు ఉండవు. ఎడమచేతి గోటి అంచుతో తంతిని నొక్కి జరిపితే, ఉక్కు మీద ఉక్కు ఒరుసుకొంటూ నాదం తెగకుండా సాగుతుంది. కుడిచేతిలో తంతులు మీటడానికి కొబ్బరిచిప్ప ముక్కను అరగదీసి చేసిన జవా ఉంటుంది. కడుపు మీది మేకతోలు మాత్రం పాతదే. అందుకే సరోద్ దెబ్బలో డప్పు పలుకు, సాగదీతలో వీణ పలుకు రెండూ వినిపిస్తాయి. రేకు ఏమాత్రం వంకరపోయినా, మెరుగు పట్టని మచ్చ ఒక్కటి మిగిలినా స్వరం అక్కడ గరగరలాడుతుంది. ఆ రేకును సరిచేసిన కమ్మరి పేరు గాని, మొద్దు తొలిచిన వడ్రంగి పేరు గాని వంశచరిత్రలలో కనిపించవు. వాదకుల వాదప్రతివాదాలు నూరేళ్లకు పైగా సాగినా, తయారీదారుకు దక్కవలసిన గౌరవం దక్కలేదన్నది ఒప్పుకోవలసిన మాట. పనస మొద్దుతో బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి కళాకారుల పనిని గుర్తించే తెలుగువారికి ఈ లోటు సులువుగానే అర్థమవుతుంది.

1887లో దర్బారు చెదిరింది. నియామతుల్లా కుమారులు కరామతుల్లా ఖాన్, కౌకబ్ ఖాన్ కలకత్తాలో పేరు గడించారు. తోలు కడుపున్న పాశ్చాత్య వాద్యం బాంజో మీద కూడా కౌకబ్ ఖాన్ రాగాలు పలికించాడు.

ఇలా విదేశీ వాద్యాన్ని రాగానికి లొంగదీసే అలవాటు ఆ నగరంలో కొనసాగింది. ఒళ్లో పడుకోబెట్టి, తంతుల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే హవాయి గిటారును 1940లలో కలకత్తాలో ఏళ్ల తరబడి నివసించిన తావు మో వంటి కళాకారులు అక్కడ ఇంటింటి వాద్యం చేశారు. అమెరికాలో 1931లో జార్జ్ బీచమ్ రూపొందించిన తొలి విద్యుత్ గిటారు కూడా ఈ హవాయి రకానిదే. అందులో అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ ఉక్కు తంతి కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. పేగు తంతి ఎంత కదిలినా ఆ తీగలో విద్యుత్తు పుట్టదు. ఉక్కు తంతి, తెగని జారుడు కలిసిన హవాయి గిటారులో సరోద్ మార్గాన్ని గుర్తించినవాడు బ్రిజ్ భూషణ్ కాబ్రా. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడైన ఆయన గిటారుకు చికారీ తంతులు, అంటే లయకూ శ్రుతికీ మీటే పక్క తంతులు, చేర్చి 1967లో ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో వినిపించాడు. ఆయన శిష్యుడు, కలకత్తావాసి దేబాశిష్ భట్టాచార్య వాటికి తోడు తరబ్ తంతులు, అంటే మీటకుండానే పక్క స్వరానికి స్పందించి మోగేవి, బిగించి చతురంగి అనే గిటారును స్వయంగా రూపొందించాడు; గాంధర్వి, ఆనంది అనే వాద్యాలూ ఆయన రూపొందించినవే.